గంటస్తంభం దగ్గర పార్కింగ్‌కు ఫీజు పెడితే పొగ తగ్గుతుందా?

కోట జంక్షన్:
విజయనగరంలో గంటస్తంభం, మూడు లాంతర్ల మధ్య రోడ్డు మీద బండి పెడితే కార్పొరేషన్ గంటకింత అని వసూలు చెయ్యాలి, ఆ డబ్బు బస్ షెల్టర్లకు, ఫుట్‌పాత్‌లకు పెట్టాలి అంటాను. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బైకు మీద ఒక్కరే వెళ్తే కిలోమీటరుకు 46 గ్రాములు. లీటరు డీజిల్‌కు 5 కిలోమీటర్లే నడిచే బస్సైనా, 50 మంది ఎక్కితే మనిషి వాటా 11 గ్రాములు దాటదు. బస్సులు ఆర్టీసీవి, నిజమే. కానీ బస్ స్టాపులు, పార్కింగ్ స్థలాలు మున్సిపాలిటీల పనుల్లోవేనని రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లోనే ఉంది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ కౌన్సిల్, ఉద్యోగులకు 11 లేదా అంతకు మించి పార్కింగ్ చోట్లు ఇచ్చే సంస్థల నుంచి 2012 నుంచీ రుసుము తీసుకుని ట్రాములకు ఖర్చు పెడుతోంది.

బట్టల కొట్టు:
అక్కడ ట్రామ్ ఉంది కాబట్టి సాగింది సార్. నా దగ్గరకు గంట్యాడ, గుర్ల, నెల్లిమర్ల వైపు పల్లెల నుంచి జనం వస్తారు. పెళ్లి బట్టలు కొన్న కుటుంబం సంచులు మోసుకుంటూ ఎంత దూరం నడుస్తుంది? ఇక్కడ చిరాకు పుడితే కారెక్కి 60 కిలోమీటర్లు వైజాగ్ పోతారు. అప్పుడు పొగ తగ్గినట్టా, పెరిగినట్టా?

నెల్లిమర్ల ఆటో:
మమ్మల్ని బ్యాటరీ ఆటో కొనమని అందరూ చెబుతారు. రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగ్ పెట్టుకుంటాం, సరే. మధ్యాహ్నం అయిపోతే? ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో స్టాండులో నాలుగు ఛార్జింగ్ పాయింట్లు పెట్టిస్తే నేను మారడానికి రెడీ. ఫ్రీ బస్సు వచ్చాక మా బేరం పడిపోయింది, మీద ఫైనాన్స్ వాయిదాలు. ఊరికే మారమంటే ఎలాగండీ?

గజపతినగరం బస్సు:
అన్నా, మీ కష్టం కాదనను. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనప్పటి నుంచి నేను బస్సే ఎక్కుతున్నాను, స్కూటీ ఇంట్లోనే ఉంటోంది. కానీ నేనెక్కే స్టాపులో గజం నీడ లేదు. ముందంతా బైకులు అడ్డం పెట్టేస్తారు, బస్సు వచ్చి రోడ్డు మధ్యలో ఆగుతుంది. పిల్లని చంకనేసుకుని, సైలెన్సర్ కాలికి తగలకుండా బైకుల సందులోంచి దూరి పరుగెత్తాలి. మే నెలలో అలా నాలుగు రోజులు నిలబడితే ఎవరైనా మళ్లీ స్కూటీయే తీస్తారు. బస్సు ఎక్కడానికి మేం సిద్ధంగా ఉన్నాం, ముందు స్టాపు దగ్గర చోటివ్వండి. అలాగని తోపుడు బళ్లవాళ్లను తరిమెయ్యొద్దు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వాళ్లకూ చోటు చూపించాలి.

కోట జంక్షన్:
మేడమ్ చెప్పిందే అసలు విషయం. బట్టల కొట్టు గారూ, ఒకసారి పొద్దున్నే, షాపులు తీసే వేళ నిలబడి చూడండి. ముందుగా వచ్చి ఆగేవి కొట్ల యజమానుల బండ్లు, సిబ్బంది బండ్లు. రాత్రి షట్టర్ దించే దాకా కదలవు. మీ కస్టమర్‌కు చోటు దొరకనిది వాటి వల్లే. గంటకింత అంటే ముందు కదిలేవీ అవే. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు గంటో రెండు గంటలో ఉంటారు, వాళ్లకు పడేదెంత?

బట్టల కొట్టు:
మా కుర్రాళ్లు బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి మరి? పెద్ద షాపింగ్ కాంప్లెక్సుల ప్లానులో సెల్లార్ పార్కింగ్‌కే అని ఉంటుంది. దిగి చూడండి, అట్టపెట్టెలు, స్టాకు. ముందు వాటిని ఖాళీ చేయించి, స్టాపులో షెల్టర్ వేయించి, తర్వాత ఫీజు మాట ఎత్తండి.

కోట జంక్షన్:
సెల్లార్లు, షెల్టరు, ఆటో ఛార్జింగ్ పాయింట్లు కలిపి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడుతున్నాను. సంతకాలు కావాలి.

గజపతినగరం బస్సు:
నాదీ, మా ఆఫీసు ఆడవాళ్లవీ రాసుకోండి.

బట్టల కొట్టు:
నాదీ పెడతాను. పార్కింగ్ ఫీజు మాత్రం అందులో రాయొద్దు.

కోట జంక్షన్:
దానికి వేరే అర్జీ పెడతాను సార్. అది వదలను.