బంగాళాఖాతం పైనీరు కింది నీటితో కలవనిది ఉప్పు వల్లా, గాలి చాలకా?

తీరరేఖ:
నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం పైనీరు చల్లబడుతుంది, బంగాళాఖాతం 28 డిగ్రీల పైనే ఉంటుంది. ఎవరిని అడిగినా, కింది చల్లని నీరు పైకి రాకుండా నదుల మంచినీరు మూతలా కప్పేసిందంటారు. నేను ఒప్పుకోను. ఫిండ్లేటర్ జెట్ (రుతుపవనాల్లో వీచే బలమైన గాలి ధార) ఉన్నది అరేబియా మీద. గాలి నీటికిచ్చే శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. సెకనుకు 14 మీటర్ల గాలికీ 9 మీటర్ల గాలికీ దాదాపు నాలుగింతల తేడా. ఉప్పు ఊసెత్తకుండానే లెక్క తేలిపోయింది.

కెరటం:
తేలలేదండీ. గాలి ఎంతిస్తుందో చెప్పారు, నీరు ఎంత అడుగుతుందో చెప్పలేదు. పైన 10 మీటర్ల మందాన 29 లవణీయత (కిలో నీటిలో సుమారు 29 గ్రాముల ఉప్పు) నీరు, కింద 20 మీటర్ల మందాన 33 నీరు అనుకోండి. సాంద్రత తేడా ఘనమీటరుకు సుమారు 3 కిలోలు. రెండూ పూర్తిగా కలవాలంటే చదరపు మీటరుకు ½ × 9.8 × 3 × 10 × 20, అంటే 2,940 జౌళ్లు. సెకనుకు 10 మీటర్ల గాలి, ఉదారంగా లెక్కేసినా, రోజుకు 160 జౌళ్లకు మించి ఇవ్వదు. ఆగకుండా 18 రోజులు వీచాలి; ఈలోగా ఒక పెద్ద వాన పడితే మళ్లీ మొదటికే. పోనీ గాలే కారణమైతే, ఏప్రిల్-మే తుపానులు 2–3 డిగ్రీలు చల్లబరిస్తే, వానాకాలం దాటాక వచ్చేవి ఉత్తర బంగాళాఖాతాన్ని పెద్దగా ఎందుకు చల్లబరచవు?

బోయ్‌డేటా:
కెరటం గారూ, చల్లబడకపోవడం వేరు, కలవకపోవడం వేరు. ఉప్పు తేడాతో తేలిన మిశ్రమ పొర (బాగా కలిసిపోయి ఒకేలా ఉండే పైనీరు) అడుగుకీ, ఉష్ణోగ్రత పడిపోవడం మొదలయ్యే లోతుకీ మధ్య బ్యారియర్ లేయర్ ఉంటుంది. అక్కడి నీరు మరింత ఉప్పన, కానీ పైనీటంత వెచ్చన. తుపాను దాన్ని చిలికి పైకి తెచ్చినా థర్మామీటరు కదలదు. చలికాలంలో ఇంకా తమాషా: ఉత్తరాన కింది నీరే వెచ్చగా ఉండి, కలిస్తే పైన వేడెక్కుతుంది.

పైగా పొర పలచనైతే గాలి తోపంతా దానికే దక్కుతుంది. 18 డిగ్రీల అక్షాంశం, 10 మీటర్ల పొర, చదరపు మీటరుకు 0.15 న్యూటన్ల గాలి ఒత్తిడి (రాపిడితో నీటిని లాగే బలం): నిలకడగా వీస్తే 19 గంటల్లో, అంటే సగం జడత్వ కాలంలో (భూభ్రమణం వల్ల ప్రవాహం దిశ ఒక చుట్టు తిరిగే సమయంలో సగం), ప్రవాహం సెకనుకు 0.65 మీటర్లకు చేరుతుంది. కింది నీరు కదలదు, ఆ జారుడు దగ్గరే సుడులు పుడతాయి. మీ శక్తి లెక్కలో ఇది లేదు.

కెరటం:
నిజమే, చేర్చి చూద్దాం. మీ వేగానికి, నా సాంద్రత తేడాకి బల్క్ రిచర్డ్‌సన్ సంఖ్య (కలవకుండా ఆపే సాంద్రత తేడాకీ, కలిపే జారుడుకీ నిష్పత్తి) 0.68. సాధారణంగా 0.65 కన్నా తగ్గితే పొర అడుగు తెగుతుందని తీసుకుంటాం. కాబట్టి గాలి కాస్త పెరిగినా కలవడం మొదలవుతుంది. కానీ ఎంత లోతుకి? పొర మందమయ్యే కొద్దీ సాంద్రత తేడా × మందం మారదు, వేగం మాత్రం మందానికి విలోమంగా పడిపోతుంది. 10 మీటర్లు 15 అయ్యేసరికి ఆ సంఖ్య 2.25 రెట్లు; అక్కడే ఆగుతుంది. 30కి దిగాలంటే ఒత్తిడి మూడింతలు, అంటే సెకనుకు 17 మీటర్ల గాలి.

తీరరేఖ:
జెట్టునే తెచ్చి ఇక్కడ పెట్టినా చాలదన్నమాట. సరే, ఉత్తరానికి ఒప్పుకుంటాను. దక్షిణాన, రుతుపవన ప్రవాహం అరేబియా ఉప్పునీటిని మోసుకొచ్చే చోట, నా మాట వెనక్కి తీసుకోను. ఆర్గో (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలిచే యంత్రాలు) ప్రొఫైళ్లతో, అంటే లోతు వారీ కొలతలతో, తేల్చుకుందాం.

బోయ్‌డేటా:
తీయండి, కానీ ఉత్తరానితో పోల్చేటప్పుడు అలవాటు కొద్దీ 10 మీటర్ల లోతును రిఫరెన్సుగా (సాంద్రత తేడా లెక్క మొదలుపెట్టే చోటుగా) పెట్టకండి. మిశ్రమ పొర 5 మీటర్లే ఉన్న రోజు రిఫరెన్సు మూత కిందకి పోయి, లేని లోతు చూపిస్తుంది. చాలా ఆర్గోలు 5 మీటర్ల దగ్గర పంపు ఆపేస్తాయి కాబట్టి ఆ పైన ఉప్పు సంగతి వాటికి తెలియదు. ఓడ నుంచి సీటీడీ (లోతు, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత కొలిచే పరికరం; వాహకత నుంచే ఉప్పు లెక్కిస్తారు) దించితే ఓడే పై కొన్ని మీటర్లను కలిపేసి ఉంటుంది. లంగరేసిన బోయ్ (తేలుతూ కొలిచే పరికరం) మీద పై 5 మీటర్లలో రెండు మూడు సెన్సార్లున్నవి వెతకండి, అన్నిటికన్నా పైదాన్ని రిఫరెన్సు చేసి ఘనమీటరుకు 0.03 కిలోల సాంద్రత తేడాతో లోతు తీయండి. ఉష్ణోగ్రత, వాహకత సెన్సార్ల స్పందన వేగం సరిచేయకపోతే ఉప్పు గీతలో దొంగ ముళ్లు వస్తాయి, వాటిని పొరలనుకోకండి.