సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, మరి దేవుని కృప నాకెక్కడ తగిలినట్టు?

నాగావళి_గట్టు (రాయగడ)

అందరికీ వందనాలు. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

నాకు 29 ఏళ్లు. డిప్లొమా చేశాను, రైల్వే పరీక్షలు నాలుగుసార్లు రాశాను, ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. ఇప్పుడు మావయ్య సెల్ షాపులో కూర్చుంటున్నాను. తమ్ముడు విశాఖలో ఉద్యోగం, వాడికి పెళ్లి కుదిరింది, నాకింకా కాలేదు, చుట్టాలొస్తే మొదటి ప్రశ్న 'ఏటి చేస్తున్నావు బాబూ' అనే. దానికి జవాబు చెప్పేలోపే వాళ్ల మొహంలో జవాబు కనిపిస్తుంది.

అసలు బాధ ఇది కూడా కాదు. ఆదివారం మందిరంలో, దేవుడు తమకి చేసిన మేలు మైకులో చెప్పుకునే సాక్ష్యాల సమయం ఉంటుంది కదా. ఒకరికి ఉద్యోగం, ఒకరికి ఇల్లు, ఒకరి అమ్మాయికి నర్సింగ్ సీటు. అందరం చప్పట్లు కొడతాం. తర్వాత ప్రసంగంలో 'నువ్వు దేవుని దృష్టిలో ఎంతో విలువైనవాడివి' అంటారు. నాకు ఆ మాట చెవి దాకా వస్తుంది, లోపలికి పోదు. విలువైనవాళ్లంటే ఇందాక మైకు పట్టుకున్నవాళ్లే కదా అనిపిస్తుంది.

పైగా ఇక్కడ ఒడిశాలో, బడిలో నన్ను 'తెలెంగా' (తెలుగోడు) అని పిలిచేవాళ్లు, శ్రీకాకుళంలో పెదనాన్న ఇంటికెళ్తే 'ఒడియా కుర్రాడు' అంటారు. నేనెవరో నాకే సరిగ్గా తెలియని చోట, దేవుడిలో నీ గుర్తింపు ఉంది అంటే దాన్ని ఎలా పట్టుకోవాలి? బైబిల్ వాక్యాలు రాసి వదిలేయకండి, వాక్యాలు నాకూ వచ్చు.

---

బరంపురం_టీచరమ్మ

తమ్ముడూ, వాక్యాలు వద్దన్నావు గానీ ఒక్కటి చెప్పకుండా ఉండలేను, అది కూడా వాక్యం కోసం కాదు, వరస కోసం.

బైబిల్లో లూకా సువార్త మూడో అధ్యాయం తియ్యి. యేసు బాప్తిస్మం తీసుకుని ప్రార్థన చేస్తుంటే ఆకాశం నుంచి 'నీవు నా ప్రియ కుమారుడవు' అని మాట వస్తుంది. అప్పటికి ఆయన ఏం చేశాడు? ఒక్క రోగిని బాగుచేసినట్టు రాయలేదు, ఒక్క ప్రసంగం లేదు, ఒక్క శిష్యుడు లేడు. నజరేతులో వడ్లపని చేసుకున్నాడు, అంతే. ఆ వెంటనే లూకా వయసు కూడా రాస్తాడు, దాదాపు ముప్పై ఏళ్లని. నీకంటే ఒక్క ఏడాది పెద్ద!

అంటే తండ్రి 'నా కొడుకు' అన్నది పని మొదలుకాక ముందు. మన మందిరాల్లో మనం దీన్ని తలకిందులు చేశాం, ముందు ఫలితం చూపించు, తర్వాత 'దేవుని బిడ్డ' అని చప్పట్లు కొడతాం అన్నట్టు. నేను బడిలో పిల్లలకి ప్రోగ్రెస్ కార్డు ఇస్తాను కాబట్టి చెప్తున్నాను, కార్డు చూసి పిల్లాడిని దగ్గరికి తీసుకునే అమ్మానాన్నలు ఎలా ఉంటారో, ఆ పిల్లాడి చేతులు ఎలా వణుకుతాయో నాకు బాగా తెలుసు. నువ్వు ఆదివారం ఆ కార్డు పట్టుకునే మందిరానికి వెళ్తున్నావు.

సాక్ష్యం తప్పని అనను. ఉద్యోగం వస్తే కృతజ్ఞత చెప్పుకోవాలి, అది మంచిదే. కానీ కృప అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే ప్రేమ కదా, కష్టంలో ఉన్నవాడికి మైకు ఇవ్వని సంఘం దాని గురించి సగమే చెప్తున్నట్టు.

---

జయపురం_చిన్నోడు

నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, కోపం తెచ్చుకోవద్దు. మాది కూడా మూడు తరాల లూథరన్ కుటుంబమే. కృప కృప అని కూర్చుంటే ఎవరూ జీతం ఇవ్వరు. ఇతనికి కావాల్సింది గుర్తింపు కాదు, ఇంకో రెండు మార్కులు. పరీక్ష మళ్లీ రాయమనండి, లేదా షాపు తనే పెట్టుకోమనండి, నెల తిరిగేసరికి చేతిలో నాలుగు డబ్బులుంటే ఈ ప్రశ్నలే రావు.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

చిన్నోడా, డబ్బులున్నవాళ్లకి ఈ ప్రశ్న రాదనుకుంటున్నావు, నాకు 58, రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది, ఆఫీసులో కుర్చీ పోతే నేనెవరిని అని నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ ప్రశ్న జీతంతో పోదు, జీతం ఉన్నన్నాళ్లూ దాక్కుంటుంది.

రాయగడ బాబుకి రెండు విషయాలు.

ముందు ఊరి సంగతి. మా తాత చిన్నప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవాడు. 1936 ఏప్రిల్ 1 నుంచి ఒడిశావాడయ్యాడు. ఇల్లు కదల్లేదు, పొలం కదల్లేదు, ఇంట్లో తెలుగు మారలేదు, సరిహద్దు గీత మాత్రం జరిగింది. అవతల పాతపట్నంలో చుట్టాలు అటైపోయారు, మేం ఇటైపోయాం. కాబట్టి 'తెలెంగా', 'ఒడియా' అని పిలిస్తే నేను రెండింటికీ పలుకుతాను, రెండూ నిజమే, కానీ రెండూ ఎవరో గీసిన గీతను బట్టి వచ్చినవి. (మన తెలుగు సంఘాల్లో పాడుకునే క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు కూడా మా పర్లాకిమిడి ప్రాంతంలోనే 1803లో పుట్టారు, బ్రాహ్మణ కుటుంబం. పుట్టుకతో వచ్చిన గౌరవం ఆయనకి నిండా ఉంది, దాన్ని వదులుకుని క్రైస్తవంలోకి వచ్చారు. మనం లేదని ఏడుస్తున్నది ఆయన పక్కన పెట్టేశారన్నమాట.)

రెండోది, మత్తయి సువార్త ఇరవైలో యేసు చెప్పిన ద్రాక్షతోట కూలీల కథ. తోట యజమాని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేర్వేరు వేళల్లో కూలీలని పెట్టుకుని, చివర అందరికీ ఒకే కూలి ఇస్తాడు. ఈ కథని అందరూ 'ఆలస్యంగా వచ్చినా జీతం సమానమే' అని చెప్తారు. నాకు తగిలింది వేరే చోట. సాయంత్రం అయిదింటికి యజమాని వెళ్లి, రోజంతా ఇక్కడ ఊరికే ఎందుకు నిలబడ్డారు అంటే వాళ్లేమన్నారు? మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదు అన్నారు. సోమరులు కాదు బాబూ. వాళ్లు పొద్దున్నుంచి కూలీల అడ్డా మీదే ఉన్నారు. మా ఊరి అడ్డాలో నేను రోజూ చూస్తాను, ఆరింటికి బలంగా ఉన్నవాళ్లని మేస్త్రీలు తీసుకుపోతారు, పదింటికి కొందరు మిగులుతారు, అన్నం క్యారేజీ విప్పకుండానే ఇంటికెళ్లే మొహం ఒకటుంటుంది. ఆ మొహంతో ఇల్లాలికి ఏం చెప్పాలి అన్నది కూలి డబ్బుల కంటే పెద్ద సమస్య. యజమాని వాళ్లకి గంట లెక్కన కట్టలేదు, ఒక దేనారం ఇచ్చాడు, అంటే ఒక రోజు కూలి, ఆ ఇంటికి ఒక రోజు గడవడానికి కావాల్సింది. వాళ్ల పనికి ధర కట్టి ఉంటే పన్నెండో వంతు వచ్చేది.

నిన్ను నాలుగుసార్లు ఎవరూ పెట్టుకోలేదు. అది నిజం, దాన్ని కాదనను. కానీ అయిదింటికి కూడా అడ్డాకి వచ్చే యజమాని ఒకడున్నాడన్నదే కృప అంటే, నాకు అర్థమైనంతలో.

---

జయపురం_చిన్నోడు

అడ్డా మాట బాగుంది, ఒప్పుకుంటా. కానీ అలాగైతే రేపటి నుంచి అందరూ అయిదింటికే వస్తారుగా?

---

బరంపురం_టీచరమ్మ

అపొస్తలుడైన పౌలే దీనికి జవాబు చెప్పాడు. కొరింథీయులకి రాస్తూ 'నేనేమైయున్నానో అది దేవుని కృపవలననే అయియున్నాను' అన్నాడు, అదే వాక్యంలో అందరికంటే ఎక్కువ ప్రయాసపడ్డానని కూడా అన్నాడు. కృప దొరికిందని పడుకోలేదు. ఇంకొకటి, ఫిలిప్పీయుల్లో ఆయన బయోడేటా ఉంది చూడు, ఎనిమిదో రోజున సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడు, అన్నీ యూదుల్లో గొప్పగా చెప్పుకునేవే. అంతా రాసి, క్రీస్తు ముందు అదంతా పెంటతో సమానం అంటాడు. మన పెళ్లి సంబంధాల కాగితాల్లో ఆ వాక్యం అచ్చు వేస్తే ఎన్ని సంబంధాలు నిలబడతాయో!

నాగావళీ, పరీక్ష రాయి తప్పకుండా. రాసేటప్పుడు టెన్షన్ ఉంటుంది, ఉండనీ. ఆ రెండు మార్కులు వస్తే ఉద్యోగం వస్తుంది, కొడుకువి అవ్వడానికి మాత్రం అవి అక్కర్లేదు. అది ముందే అయిపోయింది.

---

నాగావళి_గట్టు (రాయగడ)

అక్కా, బాబాయ్, చిన్నోడు అన్నా, ముగ్గురికీ థ్యాంక్స్. షాపు కట్టేశాక కూర్చుని రెండుసార్లు చదివాను. 'ఎవరూ పెట్టుకోలేదు' దగ్గర ఆగిపోయాను, ఆ కథ సండే స్కూల్ నుంచి వింటున్నాను, ఆ మాట ఎప్పుడూ కనబడలేదు. నేనే సోమరిని అని ఇన్నాళ్లూ నన్ను నేను తిట్టుకున్నాను.

మొత్తం తేలిపోయిందని అబద్ధం చెప్పను. తమ్ముడి పెళ్లికి వచ్చే చుట్టాలని తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతోంది. కానీ మా పాస్టర్ గారికి ఫోన్ చేశాను, ఈ ఆదివారం సాక్ష్యాల్లో నాకు రెండు నిమిషాలు కావాలని. ఏం చెప్తావు బాబూ అన్నారు. నాలుగుసార్లు ఫెయిలయ్యానని చెప్తాను అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత 'సరే, మొదట నిన్నే పిలుస్తాను' అన్నారు.

---

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

చెప్పు బాబూ. సోమవారం వచ్చి ఇక్కడ రాయి, ఎలా జరిగిందో.