అప్‌డేట్: జర్మనా, జపనీసా అని అడిగాను కదా, జపనీస్ మొదలుపెట్టాను

నల్లగొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను, ఇంగ్లిష్ తర్వాత జర్మన్ నేర్చుకోవాలా, జపనీస్ నేర్చుకోవాలా అని నాలుగు నెలల కింద అడిగాను. ఎక్కువమంది జర్మన్ అన్నారు. లిపి కొత్తగా నేర్చుకునే పని ఉండదని నేనూ నెల రోజులు అదే చదివాను. కానీ లింగాన్ని బట్టి నామవాచకం ముందు పెట్టే డెర్, డీ, దస్‌లలో ఏ పదానికి ఏది అన్న దగ్గరే ఆగిపోయాను.

జపనీస్‌కి మారాక మొదటి వారమే ప్రాణం లేచొచ్చింది. 'నేను నీళ్లు తాగుతాను' అంటే 'వతాషి వా మిజు ఓ నోమిమాస్'. మిజు అంటే నీళ్లు, నోమిమాస్ అంటే తాగుతాను. మనలాగే క్రియ చివర్లో వస్తుంది. విభక్తుల్లాంటివి కూడా పదం వెనకే. 'స్నేహితుడితో' అనాలంటే 'తొమొదాచి తో' అంటారు, ఆ 'తో' యాదృచ్ఛికమే అయినా నాకు ఇక మరచిపోయే భయం లేదు. అక్షరాల వరుస చూడండి: క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధంతో పాటు మన దేశపు వర్ణమాల వరుస అక్కడిదాకా వెళ్లిందట. ఇది తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో!

జపనీస్ మూల లిపి హిరగానా, దాని 46 అక్షరాలు రెండు వారాల్లో వచ్చేశాయి. చైనా నుంచి వచ్చిన గుర్తులు, కంజీలే కష్టం, రోజుకు మూడు రాస్తున్నాను. డిసెంబర్‌లో జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికంటే తేలికైన స్థాయి ఎన్5 రాస్తా. అందులో మాట్లాడే పరీక్ష ఉండదు కాబట్టి మాట్లాడటం విడిగా నేర్చుకోవాలి.

ఇంట్లో అందరికీ పాఠాలు అప్పజెబుతున్నాను. నాన్న ఇప్పుడు బత్తాయి తోటకు బయల్దేరుతూ "మిజు పెట్టొస్తా బిడ్డా" అంటున్నాడు.