ఒక్క స్పీడింగ్ టికెట్‌కు ప్రీమియం పెంచడం న్యాయమేనా?

చర్చ మొదలుపెట్టినవారు
ఉండేది కాలిఫోర్నియాలో. 65 మైళ్ల పరిమితి ఉన్న ఫ్రీవే మీద 82లో వెళ్తున్నానని పోలీసు ఆపి టికెట్ ఇచ్చారు. జరిమానా కడతాను, దాని మీద పేచీ లేదు. కానీ కారు బీమా రెన్యువల్‌లో ప్రీమియం కూడా పెరగవచ్చని ఏజెంటు అంటున్నారు. నేను ఎవరినీ గుద్దలేదు, ఏనాడూ క్లెయిమ్ అడగలేదు. కోర్టు వేసే శిక్ష చాలదన్నట్టు బీమా కంపెనీ కూడా వేయడమేమిటి?

లెక్కల మాస్టారు
అది శిక్ష కాదండీ, ధర. బీమా కంపెనీ అమ్మేది రేపటి నష్టానికి పూచీ. 65 నుంచి 82కు వెళ్తే వేగం పెరిగింది పావు వంతే కదా అనిపిస్తుంది. బండిలోని శక్తి మాత్రం వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన పెరుగుతుంది. అంటే సుమారు 60 శాతం ఎక్కువ. బ్రేకు వేసినా, ముందున్న కారును కొట్టినా అదంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావలసిందే. ఆ అదనపు ముప్పు ఖరీదు మీరు భరించకపోతే, పరిమితిలో నడిపే మా అందరి నెత్తిన పడుతుంది.

బాటసారి
మాస్టారూ, ముప్పే కొలమానమైతే కెమెరా టికెట్ల సంగతేమిటి? న్యూయార్క్ నగరంలో బడి పరిసరాల్లో పరిమితికి 10 మైళ్లకు మించి వెళ్తే కెమెరా పట్టుకుంటుంది. 50 డాలర్లు కడితే సరి. రికార్డులో తప్పుకు పడే పాయింట్లు లేవు, బీమా రేటు కదలదు. అదే చోట, అదే వేగానికి పోలీసు ఆపితే లైసెన్సు మీద పాయింట్లు పడతాయి. పట్టుకున్నది ఎవరన్నదాన్ని బట్టి ముప్పు మారుతుందా?

పాత కాపు
కెమెరాకు తెలిసేది నంబరు ప్లేటు, నడిపిన మనిషి కాదు. అందుకే ఆ టికెట్ బండి యజమానికి వెళ్తుంది, ఎవరి డ్రైవింగ్ రికార్డుకూ ఎక్కదు. బీమా కంపెనీ తిరగేసేది ఆ రికార్డునే, అదీ ఎక్కువగా రెన్యువల్ సమయంలో.

ప్రశ్న అడిగినవారికి ఒక మాట: ఊరికే జరిమానా కట్టేసి చేతులు దులుపుకోకండి. కట్టడమంటే నేరం ఒప్పుకున్నట్టే, పాయింటు పడుతుంది. మీరు దాటింది 17 మైళ్లే. 25కు మించలేదు కాబట్టి, గత 18 నెలల్లో వెళ్లి ఉండకపోతే ట్రాఫిక్ స్కూల్‌కు, అంటే రోడ్డు నియమాల పాఠాలకు, అర్హత ఉండాలి. నోటీసులోని గడువులోపే కోర్టును అడగండి. జరిమానా తప్పదు, పైగా ఫీజు ఉంటుంది. కానీ పూర్తిచేస్తే ఆ పాయింటు బీమా కంపెనీకి కనబడదు.

ఇక న్యాయం సంగతి. 1988లో ఓటర్లు ఆమోదించిన ప్రపోజిషన్ 103 అనే చట్టం ప్రకారం కాలిఫోర్నియాలో రేటుకు మొదటి ఆధారం డ్రైవింగ్ రికార్డు, తరువాత ఏడాదికి నడిపే మైళ్లు, ఆపై అనుభవం. మూడేళ్లలో ఒకటికి మించి పాయింట్లు లేకపోతే 20 శాతం గుడ్ డ్రైవర్ తగ్గింపు నిలుస్తుంది. నాకిది సబబుగానే తోస్తుంది, ఎందుకంటే రికార్డు మన కాలి కింది పెడల్‌ను బట్టి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో క్రెడిట్ చరిత్ర చూసి కూడా రేటు వేస్తారు. కార్డు బిల్లు ఆలస్యంగా కట్టిన మనిషి ఎంత నెమ్మదిగా నడిపినా ఎక్కువ చెల్లించాలి! నాకు ఒళ్లు మండేది అక్కడ. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్‌లలో అది కుదరదు.

లెక్కల మాస్టారు
క్రెడిట్ విషయంలో మీతోనే ఉన్నాను. కానీ ట్రాఫిక్ స్కూల్ పేరుతో పాయింటు దాచడం నాకు మింగుడు పడదు. వేగంగా నడిపిన సంగతి చెరిగిపోలేదు, ధర కట్టేవారి కంటికి ఆనకుండా చేశారంతే.

బాటసారి
18 నెలలకు ఒక్కసారే కదండీ. అలవాటుగా దూసుకెళ్లేవారు అందులో దాక్కోలేరు, రెండో టికెట్ బయటపడుతుంది.

చర్చ మొదలుపెట్టినవారు
పాత కాపు గారూ, గడువు ఇంకా ఉంది, ట్రాఫిక్ స్కూల్‌కే అడుగుతాను. అయినా మాస్టారూ, ఏళ్ల తరబడి మచ్చలేని రికార్డుకు మొదటి టికెట్ దగ్గర కొంత విలువ ఉండాలన్న నా మాట మాత్రం వెనక్కి తీసుకోను.