అప్‌డేట్: మైకెలాంజెలో డ్రాయింగ్‌లో ఆ హంస ఎవరో తేలింది

ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న 1533 నాటి నల్ల చాక్ డ్రాయింగ్‌లో ఉన్నది ఏ కథ అని ఇక్కడ అడిగింది నేనే. పైన గద్దనెక్కిన దేవుడు, కింద ఏడుస్తున్న ఆడవాళ్లు, పక్కన హంస. హంస కనబడగానే లీడా కథ (రోమన్ దేవతల రాజు జూపిటర్ హంస రూపంలో లీడా అనే రాణి దగ్గరికి వచ్చిన కథ) అనేసుకున్నాను. కాదు, "ఫేథన్ పతనం" అన్నవాళ్లదే రైటు, థాంక్స్!

మా ఆర్ట్ హిస్టరీ మేడమ్ రోమన్ కవి ఓవిడ్ రాసిన "మెటమార్ఫోసెస్" రెండో భాగం తెరిచి చూపించారు. సూర్యుడి రథం తోలబోయి కూలిన ఆయన కొడుకు ఫేథన్ కోసం ఏడ్చి ఏడ్చి అక్కచెల్లెళ్లు చెట్లయ్యారు, చుట్టం సిక్నస్ హంసయ్యాడు. కడవ దగ్గర పడుకున్నాయన ఎరిడానస్ నది. నడుమ తలకిందులుగా పడుతున్న నాలుగు గుర్రాలను నేనెలా వదిలేశానో!

గద్దను బట్టి గనిమీడ్ (గద్ద ఎత్తుకుపోయిన కుర్రాడు) కథ అనుకోవడమూ దండగే, అది జూపిటర్ వాహనం. బ్రిటిష్ మ్యూజియంలోని స్కెచ్ కూడా చూడండి: నచ్చకపోతే చెప్పమని తన స్నేహితుడు టొమ్మాసో కవలియేరికి మైకెలాంజెలో దానిమీదే రాశాడు.