అప్‌డేట్: లేక్ ఆఫ్ ది వుడ్స్‌లో వాలై చేపలు పడ్డాయి

అక్టోబరులో పిల్లలతో అమెరికాలోని మిన్నెసోటా ఉత్తర సరిహద్దులోని ఈ సరస్సుకి వెళ్తున్నాం, వాలై ఎక్కడ దొరుకుతుందని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. రెయినీ నది సరస్సులో కలిసే చోట లంగరు వేయమన్న సలహానే పనిచేసింది. చలి మొదలయ్యాక ఎమరాల్డ్ షైనర్ అనే చిన్న చేపలు నదిలోకి ఎక్కుతాయి, వాటి వెనకే వాలైలు వస్తాయి. బంగారు రంగు జిగ్‌కి (బరువు బిగించిన గాలానికి) ఫ్రోజెన్ షైనర్ గుచ్చి, అడుగు తగిలాక జానెడు పైకి లేపి ఆపాలి. చేప గుంజినట్టు కూడా అనిపించదు, దారం కాస్త బరువెక్కుతుంది, అంతే. మా పాప దాన్ని వేలితోనే పసిగట్టింది! ఖరీదైన సోనార్ (నీళ్లలో చేపల జాడ చూపే పరికరం) కోసం పడ్డ టెన్షన్ అనవసరం, అది లేకుండానే గడిచిపోయింది. కొలబద్ద మాత్రం తప్పనిసరి: రూల్ ప్రకారం 19.5 నుంచి 28 అంగుళాల మధ్య ఉన్న వాలైలను నీళ్లలోకి వదిలేయాలి. వండుకోవడానికి పులుసు కంటే వేపుడే బాగుంది.