తేదీ ముందా, లక్ష్యం ముందా? మా డిస్ట్రోలో తేలని గొడవ

చిన్న డిస్ట్రో (చర్చ మొదలుపెట్టినవారు)
నేను ఒక చిన్న లినక్స్ డిస్ట్రోలో (లినక్స్ మీద కావాల్సిన ప్రోగ్రాములన్నీ కూర్చి ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌లో) ప్యాకేజీలు, అంటే అందులోకి వెళ్ళే ప్రోగ్రాముల మూటలు, చూస్తాను. పేరు చెప్పను, ఉన్న గొడవ చాలు. గట్టిగా పనిచేసేది పదిహేను మందిమి, ఎవరికీ జీతం లేదు. కిందటి విడుదలకు ముందు వికీలో 'ఉమ్మడి లక్ష్యాలు' అని ఒక పేజీ తెరిచాం. చూస్తుండగానే పధ్నాలుగు చేరాయి. పక్కన 'ఎవరు చేస్తారు' అనే గడి ఉంది. తొమ్మిదింటి ఎదురుగా అది ఖాళీ. రెండింటి ఎదురుగా 'అందరం' అని రాసి ఉంది! ఆ లక్ష్యాలు అవ్వాలని ఫ్రీజ్‌ను (కొత్త మార్పులకు తలుపు మూసే రోజును) రెండుసార్లు వాయిదా వేశాం. చివరికి నాలుగే పూర్తయ్యాయి, విడుదల ఐదు నెలలు ఆలస్యం.

ఇప్పుడు మాలో రెండు వర్గాలు. ముందే తేదీ ప్రకటిద్దాం, అప్పటికి ఏది అయితే అదే ఇద్దాం అనేది ఒకటి. తేదీ కోసం సగం సగం పని ఇవ్వడం కంపెనీల తిప్పలు, మనకేం ఖర్మ అనేది రెండోది. నేను మొదటి వర్గం. మీరేమంటారు?

పాతకాపు
నేను రెండో వర్గమే. తేదీకి కట్టుబడతామని చెప్పుకునేవాళ్ళు కూడా అవసరం పడితే జరుపుతారు. ఉబుంటు అనే డిస్ట్రో 2004 అక్టోబరు నుంచి ఆరు నెలలకోసారి వస్తోంది కదా. తొలి ఎల్‌టీఎస్ (ఏళ్ళ తరబడి సవరణలు అందే విడుదల) మాత్రం 2006 ఏప్రిల్‌లో రావాల్సింది జూన్‌లో వచ్చింది. సర్వర్ల మీద ఐదేళ్ళు ఉండాల్సినదాన్ని తొందరపడి వదలకపోవడమే మంచిదైంది. ఫెడోరా అనే ఇంకో డిస్ట్రో 18వ విడుదలలో ఇన్‌స్టాలర్ (సిస్టమ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించే ప్రోగ్రాం) తిరగరాశారు. 2012 నవంబరు అనుకున్నది 2013 జనవరికి వెళ్ళింది. వాడేవాడికి రెండు నెలల ఆలస్యం గుర్తుండదు, పోయిన డేటా గుర్తుంటుంది.

కోర్ డంప్
పాతకాపు గారూ, వారాలు, రెండు నెలలు అయితే మీతో నాకు పేచీ లేదు. లక్ష్యం కోసం ఆగితే లెక్క ఏళ్ళలోకి వెళ్తుంది, నా బాధ అది.

ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) 5 గుర్తుందా? కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) అంతటికీ ఉన్న, ఒకసారికి ఒక్క ప్రాసెసర్‌నే లోపలికి రానిచ్చే ఒకే ఒక్క పెద్ద తాళాన్ని విడగొట్టి, ఎక్కువ ప్రాసెసర్ల మీద బాగా నడిచేలా చేయాలన్నది లక్ష్యం. మంచిదే, తప్పనిదే. కానీ 4.0 వచ్చింది 2000 మార్చిలో, 5.0 వచ్చింది 2003 జనవరిలో. అప్పటికీ కుదుటపడలేదు. దాన్ని స్థిరమైన శాఖ (నమ్మి వాడదగ్గ వరుస) అనగలిగింది 2004 నవంబరులో, 5.3తో. ఈలోగా జనం 4 మీదే ఉండిపోయారు. 4.11 అయితే 2005 జనవరిలో, అంటే 5.3 తర్వాత వచ్చింది. రెండు ఇళ్ళ కాపురం అంటే ఇదే: ప్రతి సవరణా రెండుచోట్ల చేయాలి.

లినక్స్ కెర్నల్ కథా అంతే. 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చింది 2003 డిసెంబరులో. మధ్యలో డిస్ట్రోలన్నీ 2.5లో (ప్రయోగాల శాఖలో) పుట్టిన పనిని ఎవరికి వారు వెనక్కి తెచ్చి 2.4కు అతికించుకున్నాయి. ఇప్పుడు రెండు వారాలు మెర్జ్ విండో (కొత్త కోడ్ తీసుకునే గడువు), తర్వాత ఏడెనిమిది ఆర్‌సీలు (పరీక్షకు ఇచ్చే ముందస్తు రూపాలు), తొమ్మిది పది వారాలకొక విడుదల. ఈ రైలు తప్పితే ఇంకోటి వస్తుందని తెలుసు కాబట్టి ఎవరూ పచ్చి కోడ్‌తో పరిగెత్తుకు రారు. రియల్‌టైమ్ ప్యాచ్‌లు (పని కచ్చితంగా అనుకున్న సమయానికే జరిగేలా చేసే మార్పులు) దాదాపు ఇరవై ఏళ్ళు బయట నలిగి 6.12లో లోపలికొచ్చాయి. వాటి కోసం ఏ విడుదలా ఆగలేదు.

పాతకాపు
సరే. కానీ కెర్నల్లో చాలామందికి అది జీతమిచ్చే ఉద్యోగం. పదిహేనుమంది వలంటీర్లకు ఆ లెక్క పనిచేస్తుందా?

డెబ్ వీరుడు
వలంటీర్ల సంగతి వచ్చింది కాబట్టి వలంటీర్లు నడిపే డెబియన్ డిస్ట్రో మాట చెప్తాను. 'సిద్ధమైనప్పుడే విడుదల' అన్నది అక్కడి పాత మాట. వుడీ అనే విడుదల 2002 జులైలో వచ్చింది, దాని తర్వాతిది సార్జ్ 2005 జూన్‌లో. ఆ విసుగులోంచే 2006లో విడుదల మేనేజర్లకు డబ్బిచ్చి తర్వాతి విడుదల ఎచ్‌ను డిసెంబరుకల్లా తెద్దామని కొందరు ప్రయత్నించారు. 'మాకు లేని జీతం వాళ్ళకెందుకు' అని కొందరు పనే తగ్గించేశారు. ఎచ్ 2007 ఏప్రిల్‌లో వచ్చింది. కాబట్టి డబ్బు గురించి మీలో ఎవరైనా మాట్లాడితే జాగ్రత్త. 2009లో 'ఇకపై ఫ్రీజ్ డిసెంబరులో' అని విడుదల బృందం పైనుంచి ప్రకటిస్తే గోల లేచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తేదీ తప్పు కాదు, అడక్కుండా పెట్టడం తప్పు.

చివరికి కుదిరినది ఏమిటంటే, తలుపు మూసే తేదీ ముందే చెప్తారు, విడుదల తేదీ చెప్పరు. ఫ్రీజ్ ఎప్పుడో అందరికీ ఎరుకే. విడుదల మాత్రం దాన్ని ఆపదగిన బగ్‌లు (కోడ్‌లో తప్పులు) తగ్గాకే. 2015 నుంచి 2025 దాకా రెండేళ్ళకొకటి చొప్పున వచ్చాయి. మీ రెండు వర్గాలూ ఒకే ప్రశ్న మీద కొట్టుకుంటున్నాయనుకుంటున్నారు గానీ, అవి రెండు వేర్వేరు తేదీలు.

ఇంకో సంగతి. అక్కడ ఒకప్పుడు 'విడుదల లక్ష్యాలు' అని ఉండేవి. అవి పూర్తి కాకపోయినా విడుదల ఆగదు. మరి ఉపయోగమేంటంటే, లక్ష్యానికి సంబంధించిన బగ్ అయితే వేరొకరి ప్యాకేజీలోనూ చెయ్యిపెట్టి సరిచేసే వెసులుబాటు దొరికేది. మామూలు రోజుల్లో అలా చేస్తే యజమాని మొహం మాడ్చుకుంటాడు. చిన్న డిస్ట్రో గారూ, మీ పధ్నాలుగు లక్ష్యాల్లో ఒక్కటైనా ఎవరికైనా అలాంటి అనుమతి ఇచ్చిందా? ఇవ్వకపోతే అది కోరికల చిట్టా. 'అందరం' అని రాశారట, పదిమంది చేతిలో పాము చావదని ఊరికే అన్నారా!

అనువాదకురాలు
మీ కెర్నల్, మీ శాఖలు అన్నీ బాగున్నాయి. ఫ్రీజ్ తర్వాత కూడా మారుస్తుంటే మా గతేమిటో ఎవరూ అనరు. ఒక ప్రాజెక్టులో ఫ్రీజ్ అయిపోయాక, విడుదలకు రెండు రోజుల ముందు, ఇన్‌స్టాలర్‌లో 'డిస్క్ మొత్తం చెరిపేయి' అనే బటన్ పక్క వాక్యంలో ఒక పదం మార్చారు. మూల వాక్యం మారితే పాత అనువాదం చెల్లదు, ఇంగ్లీషే కనిపిస్తుంది. తెర అంతా మా భాష, ఒక్క ఆ హెచ్చరిక మాత్రం ఇంగ్లీషులో! చదవకపోతే ప్రాణం మీదికొచ్చే వాక్యం అదొక్కటే. మార్చినాయన 'చిన్న మార్పే కదండీ' అన్నారు.

కోర్ డంప్
అయ్యో. ఇది నేనూ చేసే ఉంటాను.

పాతకాపు
డెబ్ వీరుడు గారు చెప్పినట్టు తలుపు మూసే తేదీ ఒక్కటే అయితే నాకు ఒప్పుదలే. 'విడుదల తేదీ' అని మొదటి పేజీలో గడియారం పెడితే మాత్రం ఒప్పుకోను.

చిన్న డిస్ట్రో
గడియారం పెట్టం. వికీ పేజీ ఇప్పుడే తెరిచి కోశాను. పేరు లేనివి, 'అందరం' అన్నవి పోగా మూడు మిగిలాయి. మూడోదాని పేరుగలాయన ఆరు నెలలుగా కనబడలేదు, కాబట్టి రెండు. ఆ రెండింటికీ వేరేవాళ్ళ ప్యాకేజీలు సరిచేసే అనుమతి అడుగుతూ మా మెయిలింగ్ లిస్టుకు రాస్తున్నాను. గొడవవుతుంది, తెలుసు. ఫ్రీజ్ తేదీ ఓటుకు పెడతాం. వాక్యాల ఫ్రీజ్ (తెర మీది వాక్యాలు ఇక మార్చకూడని రోజు) దానికి వారం తర్వాత అనుకుంటున్నాం.

అనువాదకురాలు
తర్వాత కాదు, అదే రోజు. విడుదలకు ముందు మాకు మూడు వారాలు కావాలి, నేను ఒక్కదాన్నే.